మీటర్ గేజ్ లైనుకు మోడలింగ్ సాఫ్ట్‌వేర్

"ట్రెయిన్ సిమ్యులేటర్లో నడిచే బోగీలు, స్టేషన్లు మనమే తయారు చేసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ తేలిక?" ఈమధ్య ఆఫీసులో నన్ను ముగ్గురు అడిగారు. ముగ్గురూ ప్రోగ్రామర్లే. ముగ్గురికీ చిన్నప్పుడు రైలు పిచ్చి ఉండేది, ఇప్పుడు పిల్లలు పుట్టాక మళ్ళీ తిరగబెట్టింది. ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పాను: బ్లెండర్. ముగ్గురూ మొహం అదోలా పెట్టారు. "అది కష్టమంట కదా, స్కెచప్ అయితే పావుగంటలో వచ్చేస్తుందంట కదా" అన్నారు.

నిజమే, వచ్చేస్తుంది. పావుగంటలో ఇల్లు వస్తుంది. ఆ ఇల్లు సిమ్యులేటర్లో పట్టాల పక్కన నిలబడాలంటే ఎన్నాళ్ళు పడుతుందన్నది అసలు ప్రశ్న. టీ కప్పు చల్లారేలోగా చెప్పగలిగే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

ముందు నాకు ఈ పని ఎందుకు పడిందో చెప్పాలి. అది తెలియకపోతే నా లెక్క మీకు అర్థం కాదు.

మాది కదిరి వైపు. 2022లో జిల్లాలు విడగొట్టాక కాగితాల మీద శ్రీ సత్యసాయి జిల్లా అయిందిగానీ, నోటికి ఇంకా అనంతపురం జిల్లా అనే వస్తుంది. ధర్మవరం నుంచి ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, పీలేరు మీదుగా పాకాల దాకా పోయే లైను మాది. 200 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 1890లలో సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళు వేసిన మీటర్ గేజ్ లైను అది. పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. దేశమంతా ఒకే గేజ్ ఉండాలని 1992లో యూనిగేజ్ పథకం మొదలైంది. మా లైను వంతు వచ్చి, 2010 ప్రాంతంలో బ్రాడ్ గేజ్ అయింది. మంచిదే. ఇప్పుడు పెద్ద బళ్ళు నేరుగా నడుస్తున్నాయి. పాత పట్టాలు, ఇనప స్లీపర్లు మాత్రం తుక్కు కింద పోయాయి. మేం ఎక్కి తిరిగిన ఆ చిన్న రైలు ఫోటో మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ రోజుల్లో కెమెరా పెళ్ళికి తీసేవారు గానీ, రోజూ కనిపించే రైలుకు ఎవరు తీస్తారు?

కానీ మా పెదనాన్న ఉన్నాడు. మావైపు పెద్దనాయన అంటాం. ఆయన ఆ లైను మీద కీమ్యాన్. కీమ్యాన్ అంటే తెలియనివాళ్ళకు: తెల్లవారగానే సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని తన వంతు పట్టా మొత్తం నడిచి, ఊడిన కీలు బిగించి, పగిలిన పట్టా ఉందేమో చూసుకుంటూ పోయేవాడు. ఒకే నాలుగైదు కిలోమీటర్లు, ఏళ్ళ తరబడి, రోజూ కాలినడకన. ఏ కల్వర్టు దగ్గర కానుగ చెట్టు ఉండేదో, ఏ మలుపులో నేల కుంగేదో, గేటు గది తలుపు ఏ దిక్కుకు ఉండేదో అన్నీ ఆయన తలలో ఉన్నాయి. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది మసక. నాకున్న ఒకే ఒక్క రికార్డు ఆయన. దానికి బ్యాకప్ లేదు.

కాబట్టి "తేలిక" అన్న మాటకు నా అర్థం వేరు. మెనూలు అందంగా ఉన్నాయా, బటన్లు పెద్దగా ఉన్నాయా అన్నది కాదు. నేను మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ఒకటి, దీంట్లో చేసిన వస్తువు సిమ్యులేటర్ దాకా చేరే దారి ఉందా? రెండు, రోజుకు గంట చొప్పున కూర్చుంటే మొదటి వస్తువు ఎన్నాళ్ళకు తెర మీద పెద్దనాయనకు చూపించగలను? మూడు, పదేళ్ళ తర్వాత ఈ ఫైలు తెరుచుకుంటుందా? మన వృత్తిలో ఉన్నవాళ్ళకు మూడోది విడమర్చి చెప్పక్కర్లేదు. తెరుచుకోని ఫైళ్ళు ఎవరి హార్డ్ డిస్కులో లేవు చెప్పండి?

ఈ మూడో ప్రశ్న ఊరికే రాలేదు. ట్రెయిన్ సిమ్యులేటర్ల చరిత్రే నేర్పింది. మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ 2001లో వచ్చింది. ఎం.ఎస్.టి.ఎస్. అంటారు. దాంతోపాటే రూట్ ఎడిటర్ ఇవ్వడంతో ప్రపంచమంతా ఎవరి ఊరి రైలు వాళ్ళు తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. మన డబ్ల్యూ.డి.ఎం.-2 డీజిల్ ఇంజన్లు, నీలం రంగు ఐ.సి.ఎఫ్. బోగీలు కూడా అందులో తిరిగాయి. ఆ రోజుల్లో మోడలింగ్‌కు ట్రెయిన్ సిమ్ మోడలర్, త్రీడీ కాన్వాస్ లాంటివి వాడేవారు. ఇంకొకటి జీమ్యాక్స్. ఖరీదైన త్రీడీఎస్ మ్యాక్స్‌కు కొన్ని రెక్కలు కత్తిరించి ఉచితంగా ఇచ్చిన రూపం అది. కొత్తవాళ్ళకు అప్పట్లో అదే గొప్ప వరం. 2005లో దాన్ని ఆపేశారు. ఎం.ఎస్.టి.ఎస్. రెండో భాగం 2003లో ఒకసారి, 2009లో ఇంకోసారి రద్దయింది. ఉచితం అంటే మనదని కాదు. ఇచ్చినవాడు తలుపు వేసుకుంటే మనం బయటే.

బ్లెండర్ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. దాన్ని అమ్మే కంపెనీ మూతపడితే, తయారు చేసిన టోన్ రోసెన్‌డాల్ 2002లో చందాలు అడిగాడు. ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగయ్యాయి. ఆ డబ్బుతో సోర్స్ కోడ్ విడిపించి, అదే ఏడాది అక్టోబరులో జి.పి.ఎల్. లైసెన్సు కింద పెట్టేశారు. ఇక దాన్ని ఎవరూ మూసెయ్యలేరు. అలాగే ఎం.ఎస్.టి.ఎస్. పోయినా దాని ఫైళ్ళు చదివే ఓపెన్ రైల్స్ అనే ఉచిత సిమ్యులేటర్‌ను ఔత్సాహికులు రాసుకున్నారు. దాని 1.0 వెర్షన్ 2015లో వచ్చింది. అది కూడా ఓపెన్ సోర్సే. ఒకసారి తుక్కు కింద పోయిన లైను కదా మాది, రెండోసారి మూతపడిన కంపెనీ ఫార్మాటులో పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

సరే, మిగతావాటిని ఊరికే కొట్టిపారెయ్యలేదు. ఒక్కొక్కటి ఒక్కో వారం కూర్చుని చూశాను.

స్కెచప్: గీత గీసి పైకి లాగితే గోడ అయిపోతుంది. ఇంత హాయిగా ఉండే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి లేదు. 2006లో గూగుల్ కొని ఉచితంగా పంచింది, 2012లో ట్రింబుల్‌కు అమ్మేసింది. కంప్యూటర్లో పెట్టుకునే ఉచిత రూపం 2017తో ఆగింది. ఇప్పుడు ఉచితమైనది బ్రౌజర్లోనే, అందులోంచి బయటకు తీసుకునే దారులు తక్కువ. పైగా అది కట్టడాల కోసం పుట్టింది. గేముకు కావలసినట్టు ప్రతి ముఖానికీ బొమ్మ ఎక్కడ అతుక్కోవాలో చెప్పే పని, అదే యూవీ మ్యాపింగ్, దాంట్లో ఇబ్బందిగా ఉంటుంది. స్టేషన్ బిల్డింగు ఆకారం ఎలా ఉంటుందో త్వరగా గీసి చూసుకోవడానికి మాత్రం ఇప్పటికీ బాగుంటుంది.

ట్రెయిన్జ్: రూటు కట్టడంలో ఇంత సులువైనది లేదు. 2019 వెర్షన్ ఎఫ్.బి.ఎక్స్. ఫైళ్ళు కూడా తీసుకుంటుంది, అంటే బ్లెండర్లో చేసింది పెట్టుకోవచ్చు. డబ్బులు పెట్టి కొనుక్కోవడానికి అభ్యంతరం లేనివాళ్ళకు మంచి దారే. నా మూడో ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయింది.

ఓపెన్ బీవీఈ: ఇది మనలాంటివాళ్ళ కోసమే పుట్టిందా అనిపించింది. ఇందులో వస్తువు అంటే ఒక టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్ తెరిచి, యాడ్‌వెర్టెక్స్ అని రాసి మూడు సంఖ్యలు ఇస్తే ఒక బిందువు. అలాంటివి నాలుగు ఇచ్చి యాడ్‌ఫేస్ అని రాస్తే ఒక గోడ. బిందువుల వరస గడియారం ముల్లు తిరిగే దిక్కున ఇవ్వాలి, తిరగేస్తే గోడ అవతలి వైపు నుంచే కనిపిస్తుంది. త్రీడీ మోడల్ అంటే ఏమిటో ఇంత నగ్నంగా ఇంకెక్కడా కనిపించదు. ప్రోగ్రామర్లకు నా సలహా: రెండు సాయంత్రాలు దీంతో ఒక డబ్బా లాంటి గది కట్టండి. తర్వాత బ్లెండర్ తెరిస్తే అందులో ఉన్న వంద బటన్లలో ఏవి మీకు అక్కర్లేదో తెలుస్తుంది. ఇంజన్ మొత్తం ఇలా సంఖ్యలతో రాస్తానంటే మాత్రం వద్దంటాను. సంసారం ఉన్నవాళ్ళం కదా.

ఇక బ్లెండర్. కష్టం అన్న పేరు పాత వెర్షన్ల వల్ల వచ్చింది. వస్తువును ఎంచుకోవడానికి కుడి క్లిక్ నొక్కాలి అంటే ఎవరికి మాత్రం తిక్క రేగదు? 2019 జులైలో వచ్చిన 2.80తో ఆ గోల పోయింది, లోకమంతటిలాగే ఎడమ క్లిక్ అయింది. కొలతలు మీటర్లలో పెట్టుకోవచ్చు. ఎం.ఎస్.టి.ఎస్. షేప్ ఫైలుగా రాసే ఉచిత ఆడాన్ ఉంది, అంటే ఓపెన్ రైల్స్ దాకా దారి వేసే ఉంది. ఒక్క జాగ్రత్త. ఆడాన్ ఏ బ్లెండర్ వెర్షన్‌కు రాశారో చూసుకుని అదే పెట్టుకోండి. కొత్త వెర్షన్ వచ్చిందని ఎగబడి అప్‌డేట్ చెయ్యకండి. ప్రొడక్షన్ సర్వర్‌కు పాటించే నియమమే ఇక్కడా.

బ్లెండర్లో ఉన్నదంతా నేర్చుకోవాలనుకోవడం వల్లే చాలామంది మధ్యలో వదిలేస్తున్నారు. సినిమా తియ్యగల సాఫ్ట్‌వేర్ అది. మనకు కావలసింది ఐదు పనులు: డబ్బా పెట్టడం, ముఖాన్ని బయటికి లాగడం, అంచు కొయ్యడం, యూవీ విప్పడం, ఎక్స్‌పోర్ట్ చెయ్యడం. వెలుగు, నీడ, నీళ్ళు, పొగ, జుట్టు... ఆ మెనూల వైపు చూడకండి.

రెండో నియమం ఇంకా ముఖ్యమైనది. ఇంజన్‌తో మొదలుపెట్టకండి. అందరికీ ఇంజనే కావాలి, నాకు తెలుసు. మీటర్ గేజ్ డీజిల్ ఇంజన్ అంటే మన దేశంలో చాలావరకు వై.డి.ఎం.-4, ఆల్కో డిజైను, 1400 హార్స్ పవర్. దాని ముక్కు చూస్తే నాకూ చేతులు దురద పెడతాయి. కానీ ఇంజన్‌లో చక్రాలు తిరగాలి, బోగీలు మలుపులో ఒరగాలి. అందుకోసం భాగాలన్నిటినీ ఒకదాని కింద ఒకటి వేలాడదియ్యాలి. పేర్లు కూడా సిమ్యులేటర్ చెప్పినట్టే పెట్టాలి. బోగీ1 కింద వీల్స్11, వీల్స్12, ఇలా. ఒక్క పేరు తప్పితే చక్రం గాల్లో తిరుగుతుంది. దూరం నుంచి చూసేటప్పుడు తక్కువ ముఖాలున్న ఇంకో రూపం కూడా చెయ్యాలి. ఇదంతా మొదటి ప్రాజెక్టులోనే పెట్టుకుంటే ఆర్నెల్లకు కూడా చూపించడానికి ఏమీ ఉండదు.

నేను గేటు గదితో మొదలుపెట్టాను. నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ, పైన రేకు. కదలదు, తిరగదు. తొమ్మిది సాయంత్రాలు పట్టింది, అందులో ఐదు యూవీ విప్పడానికే. పదో రోజు శనివారం. ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికి పోయాను. పెద్దనాయన మంచి కన్ను తెరకు దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏందిరా నాయనా, తలుపు అట్ల పెట్టినావు? పట్టాల పక్క గదా ఉండాల్సింది. బండి వస్తే జెండా పట్టుకొని ఎట్ల బయటికొస్తాడు గేట్‌మ్యాన్, గోడ దూరి వస్తాడా?"

తలుపు తిప్పాను. అక్కడే, ఆయన ముందే, రెండు నిమిషాల్లో. అది చూసి ఆయన కళ్ళలో వచ్చిన ఆశ్చర్యం నేను మరిచిపోలేను. "తిప్పచ్చునా? అయితే ఆ తొట్టి గూడా పెట్టు. నీళ్ళ తొట్టి. గేదెలొచ్చి తాగుతాండె." నీళ్ళ తొట్టి సంగతి అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదు. "ఏముంటాదిరా చెప్పేకి, పట్టా ఉండె, మేముంటిమి" అనేవాడు. బొమ్మ కనిపించాకే గుర్తులు కదిలాయి. ఆ మధ్యాహ్నం ఒక్క గది చుట్టూ పదకొండు వస్తువులు రాసుకున్నాను. చిన్న వస్తువుతో మొదలుపెట్టమని చెప్పడానికి నాకున్న అసలు కారణం ఇదే. మీరు పూర్తి చేసిన మొదటి చిన్న వస్తువు మిగతా సమాచారాన్ని లాక్కొస్తుంది. సగంలో ఉన్న గొప్ప ఇంజన్ ఏమీ లాక్కురాదు.

మన ప్రాంతానికి చెయ్యాలంటే ఇంకో రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి గేజ్. ఎం.ఎస్.టి.ఎస్.తో వచ్చిన పట్టాలు 1435 మిల్లీమీటర్లవి. మన బ్రాడ్ గేజ్ 1676, మీటర్ గేజ్ 1000. బ్రాడ్ గేజ్ బోగీని ఆ పట్టాల మీద పెడితే తేడా 24 సెంటీమీటర్లు, చూసీచూడనట్టు పోవచ్చు. మీటర్ గేజ్‌కు తేడా 43 సెంటీమీటర్లు దాటుతుంది, పిల్లాడికి నాన్న చెప్పులు తొడిగినట్టుంటుంది. కాబట్టి పట్టా ముక్కలు కూడా విడిగా చేసుకోక తప్పదు. పరవాలేదు, పట్టా కూడా ఇంజన్ కంటే చాలా తేలిక. నేల ఎత్తుపల్లాలకు నాసా వాళ్ళు 2000లో షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన సమాచారం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని టి.ఎస్.ఆర్.ఇ.5 అనే ఉచిత రూట్ ఎడిటర్లో ఎక్కిస్తే మా గుట్టలు గుట్టల్లాగే లేచి నిలబడ్డాయి.

రెండోది రంగు. ఈ సిమ్యులేటర్లు చలిదేశాల వాళ్ళు రాసినవి. టెక్స్చర్ ఫోల్డర్లలో వసంతానికి ఒకటి, ఆకురాలు కాలానికి ఒకటి, శీతాకాలానికి ఒకటి, మంచుకు ప్రత్యేకంగా ఇంకొకటి ఉంటాయి. కరువుకు ఫోల్డర్ లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మాది. అది కూడా వేరుశనక్కాయ పూత మీదున్నప్పుడు మొహం చాటేసి, కోతకొచ్చాక కురుస్తుంది. ఎర్రమన్ను, కంపచెట్లు, ఎండిన చెరువులో పగిలిన బంక... ఇవి ఏ రెడీమేడ్ ప్యాకేజీలోనూ దొరకవు. ఫోన్ పట్టుకుని మిట్టమధ్యాహ్నం కాకుండా మబ్బు పట్టినప్పుడు పొలం గట్టు మీద నిలబడి నేల ఫోటోలు తియ్యండి. నీడలు పడకూడదు. 512 గానీ 1024 గానీ పిక్సెళ్ళ చదరంగా కత్తిరించుకోండి. కరువు సీమకు ఒక్క లాభం మాత్రం ఉంది. చెట్లు తక్కువ, ఫ్రేమ్ రేటు ఎక్కువ :-)

"ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఫోటో ఇస్తే అదే మోడల్ చేస్తుందిగా" అని మా టీములో కుర్రవాడు అన్నాడు. చేస్తుంది, దారిన పోయే కుర్చీకి, కారుకు బాగానే చేస్తుంది. ఫోటోనే లేని గేటు గదికి ఏమిచ్చి చెయ్యమంటాం? అడిగితే ఏదో ఒక గది ఇస్తుంది. దానికి తలుపు ఎటువైపుంటుందో పెద్దనాయనకు తెలిసినట్టు దానికి తెలియదు. అలా ఇచ్చేదాంట్లో ముఖాలు కూడా సాధారణంగా అక్కర్లేనన్ని ఉంటాయి, వాటిని తగ్గించాలన్నా మళ్ళీ బ్లెండరే తెరవాలి.

కాబట్టి అడిగినవాళ్ళకు నా చిట్టా ఇది. మొదట ఏ సిమ్యులేటర్లో చూడాలనుకుంటున్నారో తేల్చుకోండి, తర్వాతే మోడలింగ్ సాఫ్ట్‌వేర్. అక్కడి నుంచి వెనక్కి నడవండి, మధ్యలో దారి తెగిన సాఫ్ట్‌వేర్ ఎంత తేలికైనా వదిలెయ్యండి. మొదటి వారంలో ఒక ఖాళీ డబ్బాను గీసి, రంగు పూసి, ఎక్స్‌పోర్ట్ చేసి, పట్టాల పక్కన పెట్టి చూడండి. ఆ దారి మొత్తం ఒకసారి నడిచాకే గోడలు, కిటికీల జోలికి పోండి. అసలు ఫైళ్ళు, ఫోటోలు, పెద్దవాళ్ళు చెప్పిన మాటల రికార్డింగులు ఒకే చోట, రెండు కాపీలు పెట్టుకోండి.

నా దగ్గర ఇప్పటికి గేటు గది, నీళ్ళ తొట్టి, రెండు కల్వర్టులు, ఒక కిలోమీటరు రాయి, నాలుగు వందల మీటర్ల మీటర్ గేజ్ పట్టా ఉన్నాయి. ఇంజన్ లేదు. బోగీ లేదు. పెద్దనాయన మాత్రం వాటి గురించి అడగడం లేదు. కల్వర్టు అవతల కానుగ చెట్టు ఎప్పుడు పెడతావని అడుగుతున్నాడు. బండి దాటిపోయేదాకా దాని కిందే కూర్చునేవాడట. వచ్చే నెల రెండో కంటికి ఆపరేషన్. ఆయన కట్టు విప్పేలోగా చెట్టు పెట్టెయ్యాలి. ఆకులు ఎన్ని ముఖాలతో చేస్తే మా పాత ల్యాప్‌టాప్ మొరాయించదో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.